ఇంజను హెడ్డులో విరిగిన సైలెన్సర్ స్టడ్డును తీయడం ఎలా

సైలెన్సర్ విప్పడానికి పానా వేసి తిప్పుతున్నప్పుడు, అంతవరకు బిగుసుకుపోయి ఉన్న నట్టు ఒక్కసారిగా మెత్తబడితే, అది వదిలి వస్తున్నదో లేక నట్టు ఎక్కే మరల (థ్రెడ్ల) కడ్డీ, అంటే స్టడ్డే, తెగిపోయిందో చేతికి వెంటనే తెలిసిపోతుంది. రెండోదే జరిగితే అక్కడితో పానా కింద పెట్టండి. విరిగిన స్టడ్డు వల్ల హెడ్డుకు, అంటే సిలిండరు పైనున్న మూత భాగానికి, అప్పటికి ఏ నష్టమూ జరగలేదు. హెడ్డు పాడయ్యేది సాధారణంగా ఆ తరువాతి అరగంటలో, కంగారుగా చేతికందిన పనిముట్టుతో చేసే ప్రయత్నాలలోనే. అందుకే ఈ వ్యాసంలో పద్ధతులను హెడ్డుకు అతి తక్కువ ప్రమాదం ఉన్నదానితో మొదలుపెట్టి, వెనక్కు తిరగడానికి వీలులేని దాని వరకు వరుసగా చెబుతున్నాను. ముందున్న పద్ధతిని పూర్తిగా ప్రయత్నించకుండా తరువాతిదానికి వెళ్ళవద్దు.

మన దగ్గర ఎక్కువగా తిరిగే 100 నుంచి 150 సీసీ బళ్ళలో సైలెన్సర్ పైపును హెడ్డుకు పట్టి ఉంచేవి సాధారణంగా 6 మి.మీ. స్టడ్డులు రెండు. వాటి నట్లకు 10 నంబరు పానా సరిపోతుంది. పెద్ద ఇంజన్లలో 8 మి.మీ. స్టడ్డులు కనిపిస్తాయి. కింద చెప్పిన కొలతలు ప్రధానంగా 6 మి.మీ. స్టడ్డుకు ఇచ్చాను, 8 మి.మీ. కొలత వేరుగా ఉన్నచోట దానినీ చెప్పాను.

స్టడ్డు ఎందుకు అంతగా పట్టేస్తుందో తెలుసుకుంటే, దానిని ఎలా వదిలించాలో సగం అర్థమవుతుంది. హెడ్డు అల్యూమినియం మిశ్రమం, స్టడ్డు ఉక్కు. ఈ రెండు లోహాలు ఒకదానినొకటి తాకుతున్నచోట తడి చేరితే, ముఖ్యంగా ఉప్పుతో కూడిన తడి చేరితే, అల్యూమినియం వేగంగా క్షయమవుతుంది. అలా పుట్టిన తెల్లటి పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి మరల మధ్య కూరుకుపోతుంది. బయటివైపు నట్టు దగ్గర జరిగేది వేరు. అక్కడ ఉక్కు మీద ఉక్కు వందల డిగ్రీల వేడికి మళ్ళీ మళ్ళీ కాగి, చల్లారి, తుప్పుతో అతుక్కుపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో తిరిగే బళ్ళకూ, పొలం నుంచి రాగానే వేడి సైలెన్సర్ మీద నీళ్ళు కొట్టి కడిగే బళ్ళకూ ఈ బాధ త్వరగా వస్తుంది.

విప్పుతున్నప్పుడు ఒక స్టడ్డు విరిగిందంటే రెండోది కూడా అదే స్థితిలో ఉందని భావించి, దాని జోలికి ఇంకా వెళ్ళకండి. దానిని కాపాడుకోవడం రెండు విధాల అవసరం. ఒకటి, అది విరిగితే పని రెట్టింపవుతుంది. రెండు, విరిగినదానికి కేంద్రం ఎక్కడుందో కొలిచి చెప్పడానికి ఆ నిలిచి ఉన్న స్టడ్డే మీకు ఆధారం. దాని నట్టును వేడి చేసి వదిలించండి. అప్పటికీ రాకపోతే నట్టును ఒక పక్క సన్నని హాక్సా బ్లేడుతో మరల దాకా కోసి, ఉలితో తెరిచి తీయండి. నట్టు పోతే కొత్తది కొనుక్కోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు

బండిని మధ్య స్టాండు మీద గట్టి నేలపై నిలపండి. పెట్రోలు ట్యాంకును పూర్తిగా ఊడదీసి, మీరు పని చేసే గదికి బయట, నీడలో పెట్టండి. కాక్ మూసి వదిలేస్తే చాలదు, ఎందుకంటే ఈ పనిలో మంట వాడవలసి వస్తుంది. కార్బ్యురేటర్ ఉన్న బండి అయితే దానిలో నిలిచిన పెట్రోలును కూడా వంచేయండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల బండి అయితే, సైలెన్సర్ పైపుకు గాని హెడ్డు దగ్గర గాని ఉండే ఆక్సిజన్ సెన్సారును తీసి పక్కన పెట్టండి. వెల్డింగ్ చేయబోతున్నట్లయితే ఇంజను కంట్రోల్ యూనిట్ కనెక్టరును కూడా విప్పడం మంచిది.

సైలెన్సర్ పైపు తీసిన తరువాత హెడ్డులోని పొగద్వారం తెరుచుకుని ఉంటుంది. డ్రిల్లు చేసేటప్పుడు రాలే ఇనుప రజను అందులోకి వెళ్ళి, వాల్వు తెరిచి ఉంటే నేరుగా సిలిండరులో పడుతుంది. కాబట్టి స్పార్క్ ప్లగ్గు తీసి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పుతూ కంప్రెషన్ వచ్చే చోట పిస్టన్‌ను పైకి తెచ్చి ఆపండి. ఆ స్థితిలో రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. తరువాత ప్లగ్గును మళ్ళీ బిగించి, ద్వారంలో శుభ్రమైన నూలు గుడ్డను గట్టిగా కూరండి. కూరినది ఒకటే ముక్కగా, దాని కొస బయటకు వేలాడేలా ఉండాలి. చిన్న చిన్న ముక్కలు కూరితే చివరకు ఒకటి లోపలే మిగిలిపోయే ప్రమాదం ఉంది. మంట వాడే దశలో ఈ గుడ్డ తీసివేయాలనీ, డ్రిల్లుకు ముందు మళ్ళీ కూరాలనీ గుర్తుంచుకోండి.

కళ్ళజోడు లేకుండా ఈ పనికి కూర్చోవద్దు. స్టడ్డు మీ ముఖానికి ఎదురుగా ఉంటుంది, రజను రాలేది కూడా అటే.

ఇప్పుడు విరిగిన స్టడ్డును తీగ బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, వెలుతురు పెట్టి చూడండి. 10 మి.మీ. గాని అంతకంటే ఎక్కువ గాని బయటకు మిగిలి ఉందా, నాలుగైదు మిల్లీమీటర్లే మిగిలిందా, హెడ్డు అంచుకు సమానంగా లేదా లోపలికి విరిగిందా అన్నదాన్ని బట్టి మీ దారి మారుతుంది. అయితే ఏ దారి పట్టినా నూనె, వేడి అనే రెండు మెట్లు అందరికీ తప్పవు.

నూనె, సుత్తి

తుప్పు వదిలించే నూనెను స్టడ్డు చుట్టూ పోసి, ఇత్తడి కడ్డీని స్టడ్డు కొస మీద ఆనించి, చిన్న సుత్తితో నిలువుగా పదిహేను ఇరవై సార్లు తట్టండి. దెబ్బ బలంగా ఉండనక్కర లేదు. గోడకు చిన్న మేకు కొట్టేంత బలం చాలు. ఈ కంపనం వల్ల మరల మధ్య గట్టిపడిన పొడిలో సన్నని పగుళ్ళు ఏర్పడి, నూనె లోపలికి దిగడానికి దారి దొరుకుతుంది. ఇలా ఉదయం, సాయంత్రం చేసి ఒక రాత్రంతా వదిలేయండి. బజారులో దొరికే స్ప్రేలు సరిపోతాయి. కొందరు మెకానిక్కులు ఆటోమేటిక్ గేరు ఆయిలును, అసిటోనును సమపాళ్ళలో కలిపి వాడతారు. అది బాగా దిగుతుంది, కాని వెంటనే అంటుకునే ద్రవం కనుక మంట దగ్గరకు తేకూడదు. ఏ నూనె వాడినా, వేడి చేసే ముందు పూర్తిగా తుడిచి ఆరనివ్వండి.

వేడి

ఈ పని మొత్తంలో నేను ఎక్కువగా నమ్మేది వేడిని. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. హెడ్డును, స్టడ్డును కలిపి 150 డిగ్రీల మేర వేడెక్కిస్తే, 6 మి.మీ. రంధ్రం అందులోని స్టడ్డు కంటే మిల్లీమీటరులో సుమారు నూరో వంతు ఎక్కువగా తెరుచుకుంటుంది. వినడానికి ఇది అతి స్వల్పమే అయినా, మరల మధ్య పట్టు వదలడానికి చాలాసార్లు ఇదే చాలుతుంది. అందుకే వేడి చేయవలసింది ప్రధానంగా స్టడ్డును కాదు, దాని చుట్టూ ఉన్న హెడ్డును.

హీట్ గన్ను ఉంటే దానిని, లేకపోతే చిన్న బ్యుటేన్ టార్చిని వాడండి. మంటను ఒకేచోట నిలపకుండా స్టడ్డు చుట్టూ రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్ద వలయంలో తిప్పుతూ ఉండండి. అల్యూమినియం కరిగే ముందు ఇనుములా ఎర్రబడదు. రంగు చూసి అంచనా వేద్దామనుకునేవారికి అది హెచ్చరిక లేకుండానే కుంగిపోతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, హెడ్డులకు వాడే మిశ్రమాలు అంతకంటే తక్కువలోనే మెత్తబడతాయి. మీకు కావలసింది 150 నుంచి 200 డిగ్రీలు మాత్రమే. దానిని తెలుసుకోవడానికి నీటి చుక్క ఒకటి వేసి చూడండి. చుక్క పడగానే చుయ్యిమని ఆవిరైపోతే సరిపడా వేడెక్కినట్లు. చుక్క ఆవిరి కాకుండా ముత్యంలా దొర్లిపోతుంటే 200 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నట్లు, అక్కడితో ఆపండి. పరీక్షకు ఒక్క చుక్క చాలు. వేడి హెడ్డు మీద నీళ్ళు పోస్తే అది వంకరపోవచ్చు లేదా పగలవచ్చు. ఆక్సీ అసిటిలిన్ గ్యాసు మంట ఈ పనికి అవసరానికి మించినది. గ్యాసు కట్టరు చేతిలో ఉన్నవారు ఎంత అనుభవజ్ఞులైనా హెడ్డు మీదికి తేనివ్వకండి.

హెడ్డు వేడిగా ఉన్నప్పుడే మామూలు కొవ్వొత్తిని స్టడ్డు మొదట్లో ఆనించండి. కరిగిన మైనం మరల సందుల్లోకి పాకుతుంది. ఆ వేడిలో నూనె పొగగా పోతుంది గాని, మైనం నిలిచి కందెనలా పనిచేస్తుంది. ఇలా వేడి, మైనం, చల్లారడం అనే ఆవృత్తిని మూడుసార్లు చేసిన తరువాతే తిప్పడానికి ప్రయత్నించండి.

బయటకు మిగిలిన స్టడ్డు

10 మి.మీ. పైగా మిగిలి, మరలు బాగుంటే రెండు నట్ల పద్ధతి వాడవచ్చు. ఒక నట్టు ఎక్కించి, దాని మీద రెండోది ఎక్కించి, రెండు పానాలతో ఒకదానికొకటి ఎదురుగా బిగించండి. తరువాత లోపలి నట్టుకు పానా వేసి ఎడమవైపు తిప్పండి. లోపలి నట్టునే తిప్పాలన్నది ముఖ్యం. బయటిదానిని తిప్పితే అది విడివడి వచ్చేస్తుంది.

మరలు పాడైపోతే లాకింగ్ గ్రిప్ ప్లయరు వాడండి. ముందుగా స్టడ్డుకు ఎదురెదురుగా రెండు వైపులా ఆకురాయితో చదును చేస్తే ప్లయరు దవడలు జారవు. గుండ్రని స్టడ్డును పట్టుకున్న ప్లయరు ఒకసారి జారిందంటే దానిని నున్నగా చెక్కేస్తుంది, ఆ తరువాత ప్రతిసారీ మరింత సులభంగా జారుతుంది.

తిప్పే తీరు గురించి ఒక మాట. మొదట బిగించే వైపు వెంట్రుకవాసి కదపండి, తరువాత వదిలించే వైపు. కొంచెం కదిలిందంటే ఆనందంతో చుట్టు మొత్తం తిప్పేయకండి. ఎనిమిదో వంతు చుట్టు ముందుకు, మళ్ళీ వెనక్కు, మధ్యలో ఒక చుక్క నూనె. మరల్లో ఉన్న పొడి ఇలా నలిగి బయటకు వస్తుంది. స్టడ్డు తిరగకుండా స్ప్రింగులా మెలిపడుతున్నట్లు చేతికి అనిపిస్తే, అది విరగబోతున్న గుర్తు. ఆపి, మళ్ళీ వేడి దగ్గరకు వెళ్ళండి.

నట్టు వెల్డింగ్

నాలుగైదు మిల్లీమీటర్లే మిగిలినా, అంచుకు సమానంగా విరిగినా, డ్రిల్లు చేతికి తీసుకునే ముందు వెల్డింగ్‌ను ప్రయత్నించాలన్నది నా అభిప్రాయం. ఇందులో రెండు లాభాలున్నాయి. పట్టుకోవడానికి కొత్త తల దొరుకుతుంది, అదే సమయంలో స్టడ్డు లోపలి నుంచి ఎర్రగా కాగి తుప్పు పట్టు విడిపోతుంది. పైగా ఉక్కు వెల్డింగ్ అల్యూమినియానికి అతుక్కోదు. కాబట్టి జాగ్రత్తగా చేస్తే హెడ్డు అంచు మీద చిన్న చిన్న మచ్చలు తప్ప నష్టం ఉండదు.

6 మి.మీ. స్టడ్డుకు 8 మి.మీ. నట్టును తీసుకోండి. నట్టు రంధ్రం పెద్దదిగా ఉంటేనే వెల్డింగ్ లోపలి వరకు దిగి స్టడ్డును పట్టుకుంటుంది. నట్టు జింకు పూత లేని నల్లదై ఉండాలి, ఎందుకంటే జింకు పూత కాలినప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మిగ్ వెల్డింగ్ (తీగ దానంతటదే అందే రకం) ఈ పనికి ఉత్తమం. ఆర్క్ వెల్డింగ్ అయితే సన్నని రాడ్డుతో, అనుభవం ఉన్న చేయి కావాలి. ఎర్త్ క్లాంపును ఫ్రేముకు కాకుండా హెడ్డుకు సాధ్యమైనంత దగ్గరగా, ఇంజను మీదనే తగిలించండి. లేకపోతే కరెంటు ఇంజను లోపలి బేరింగుల గుండా ప్రయాణించి వాటిని పాడుచేయవచ్చు. అంతకుముందు ఆ చోటును బ్రేక్ క్లీనరుతో తుడవకండి. క్లోరిన్ ఉన్న రకాల ఆవిరి వెల్డింగ్ వేడికి ప్రాణాంతకమైన విషవాయువుగా మారుతుంది.

వెల్డింగ్ నట్టు నడిమధ్యలో, స్టడ్డు ముఖం మీద మొదలై, లోపలి నుంచి పైకి నిండుతూ రావాలి. నట్టు అంచు నుంచి మొదలుపెట్టినవారికి నట్టు ఒక్కటే ఊడి చేతిలోకి వస్తుంది. స్టడ్డు అంచుకు కొంచెం లోపలికి విరిగి ఉంటే, ముందుగా దాని ముఖం మీద రెండు మూడు చుక్కలు వేసి అంచు దాకా ఎత్తు పెంచి, ఆ తరువాత ఒక వాషరును, దాని మీద నట్టును వెల్డు చేయండి. ఎర్రదనం పూర్తిగా పోయేదాకా ఆగి, ఇంకా వేడిగా ఉండగానే మైనం తాకించి, పైన చెప్పిన తీరులో ముందుకూ వెనక్కూ కదపండి. ఎర్రగా ఉండగానే తిప్పితే వెల్డు మెత్తగా ఉండి తెగుతుంది. మొదటిసారి నట్టు ఊడి వచ్చినంత మాత్రాన పద్ధతి విఫలమైందనుకోకండి. నాలుగోసారో ఐదోసారో కదిలిన స్టడ్డులను చూశాను, ఎందుకంటే ప్రతి ప్రయత్నమూ ఒక వేడి ఆవృత్తే.

డ్రిల్లు

వెల్డింగ్‌కు వీలులేనప్పుడు, అది ఓడిపోయినప్పుడు, డ్రిల్లు మిగులుతుంది. ఇక్కడ సమస్య రంధ్రం చేయడం కాదు, సరిగ్గా స్టడ్డు నడిమధ్యలో, స్టడ్డు వాలులోనే చేయడం. ఉక్కు గట్టిది, చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తనిది. డ్రిల్లు బిట్టు కొంచెం పక్కకు జరిగి ఆ సరిహద్దును తాకిందంటే, గట్టిదానిని వదిలి మెత్తనిదానిలోకి పారిపోతుంది. ఆ తరువాత దానిని వెనక్కు రప్పించడం దాదాపు అసాధ్యం. చేతి డ్రిల్లుతో, కంటి అంచనాతో చేసిన రంధ్రాలలో ఎక్కువ భాగం పక్కకు పోయినవే. ఇంజను ముందు ఫ్రేము గొట్టం దిగే బళ్ళలో డ్రిల్లు మిషనుకు నిటారుగా చోటు కూడా దొరకదు. అలాంటప్పుడు వంకర కోణంలో ప్రయత్నించకుండా ఇంజను గాని హెడ్డు గాని దించడానికి సిద్ధపడండి. ఒక పూట ఎక్కువ పడుతుంది, కాని హెడ్డు దక్కుతుంది.

కేంద్రాన్ని తప్పకుండా పట్టుకోవడానికి లేత్ దుకాణం సాయం తీసుకోండి. స్టడ్డు లోపలికి విరిగి ఉంటే అది ఒక విధంగా మీ అదృష్టం, ఎందుకంటే పైన ఖాళీగా మిగిలిన మరలే మీకు దారి చూపుతాయి. అదే కొలత బోల్టు ఒకదానికి లేత్ మీద నడిమధ్యలో 3 మి.మీ. రంధ్రం వేయించి, దానిని ఆ ఖాళీ మరల్లోకి విరిగిన ముఖం తగిలేదాకా బిగించండి. ఆ బోల్టు గుండా డ్రిల్లు బిట్టు పంపితే అది కేంద్రం వదిలి ఎక్కడికీ పోలేదు. అంచుకు సమానంగా విరిగినట్లయితే మందపాటి ఇనుప పట్టీతో ఒక అచ్చు చేయించండి. పట్టీ మధ్యలో పొగద్వారంలోకి సరిగ్గా దిగే గుండ్రని గుబ్బ, ఒక పక్క నిలిచి ఉన్న స్టడ్డు దూరే రంధ్రం, రెండో పక్క అదే దూరంలో 3 మి.మీ. రంధ్రం ఉండాలి. రెండు స్టడ్డులూ సాధారణంగా ద్వారానికి ఇరువైపులా సమాన దూరంలోనే ఉంటాయి, అయినా మీ హెడ్డు మీద కొలిచి చూసుకున్న తరువాతే లేత్ మనిషికి కొలత ఇవ్వండి. దీనికి అయ్యే ఖర్చు కొత్త హెడ్డు ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఇవేవీ వీలుకాకపోతే, విరిగిన ముఖాన్ని సన్నని ఆకురాయితో గాని చిన్న గ్రైండింగ్ రాయితో గాని పూర్తిగా చదును చేసి, భూతద్దంతో చూస్తూ సెంటర్ పంచ్‌తో చిన్న గుంట పెట్టండి. గుంట పక్కకు పడితే పంచ్‌ను వాల్చి కొట్టి దానిని కేంద్రం వైపు జరపవచ్చు. గుంట సరిగా వచ్చిందని నాలుగు వైపుల నుంచీ చూసి తృప్తిపడేదాకా డ్రిల్లు ముట్టుకోకండి.

6 మి.మీ. స్టడ్డుకు 2.5 లేదా 3 మి.మీ. బిట్టుతో మొదలుపెట్టి, 4 మి.మీ., తరువాత 4.8 మి.మీ. వరకు వెళ్ళండి. 8 మి.మీ. స్టడ్డుకు 3, 5, 6.5 మి.మీ. అన్న వరుస సరిపోతుంది. కోబాల్ట్ బిట్లు కొంచెం ఖరీదైనా కొత్తవి కొనండి. మొద్దుబారిన బిట్టు కోయదు, రాపిడితో స్టడ్డు ముఖాన్ని మరింత గట్టిపరుస్తుంది. వేగం తక్కువగా, ఒత్తిడి స్థిరంగా, ప్రతి రెండు మిల్లీమీటర్లకు బిట్టు బయటకు తీసి రజను తుడిచి, నూనె వేసి మళ్ళీ దింపండి. కొత్త స్టడ్డులో హెడ్డులోకి దిగే భాగం ఎంత పొడవుందో కొలిచి, ఆ లోతుకు బిట్టు మీద టేపు చుట్టండి. అడుగున ఉన్న అల్యూమినియం గోడను చిల్లు పొడవకుండా ఉండడానికి ఇదొక్కటే కాపలా.

ఎడమ చుట్టు డ్రిల్లు బిట్లు దొరికితే వాటినే వాడండి. అవి కోస్తున్నప్పుడు తిరిగే దిశ, స్టడ్డు వదిలే దిశ ఒకటే. నడిమధ్య ఖాళీ అయి పట్టు సడలిన స్టడ్డు, కోత వేడికి కూడా తోడై, చాలాసార్లు బిట్టుతో పాటే తిరిగి బయటకు వచ్చేస్తుంది.

ఈజీ అవుట్ గురించి

విరిగిన స్టడ్డు అనగానే అందరూ మొదట చెప్పే పనిముట్టు ఈజీ అవుట్. రంధ్రంలో దింపి ఎడమవైపు తిప్పితే బిగుసుకుని స్టడ్డును తీసుకువస్తుందని దాని భావన. నేను దానిని ఈ స్టడ్డులకు వాడవద్దని గట్టిగా చెబుతాను. 6 మి.మీ. నిండు ఉక్కు కడ్డీయే తిప్పుడు బలానికి తట్టుకోలేక తెగినప్పుడు, దాని కడుపులో దూరే మూడు నాలుగు మిల్లీమీటర్ల ఈజీ అవుట్ అంతకంటే ఎక్కువ బలాన్ని ఎలా భరిస్తుంది? పైగా అది సూది కొసలా లోపలికి దిగేకొద్దీ స్టడ్డును ఉబ్బించి మరలకు ఇంకా గట్టిగా ఒత్తుతుంది. అది గట్టిపరచిన ఉక్కు కనుక వంగదు, పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్కను మామూలు డ్రిల్లు బిట్టు గీయను కూడా గీయలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక హెడ్డులో ఇలాగే విరగ్గొట్టాను. గంటలో అయ్యే పని మూడు రోజులు పట్టింది, చివరకు టూల్ రూముకు తీసుకువెళ్ళవలసి వచ్చింది. స్టడ్డు అప్పటికే వేళ్ళతో కదిలేంత వదులుగా ఉంటే తప్ప ఈజీ అవుట్‌ను పనిముట్ల పెట్టెలోంచి బయటకు తీయకండి.

మిగిలిన తొడుగు, మరలు

4.8 మి.మీ. రంధ్రం సరిగ్గా నడిమధ్యలో పడితే, స్టడ్డులో మిగిలేది మరల్లో చుట్టుకుని ఉన్న సన్నని ఉక్కు తొడుగు మాత్రమే. దాని కొసను పదునైన గుచ్చుతో లోపలికి మడిచి, సన్నని ముక్కు ప్లయరుతో పట్టుకుని స్ప్రింగులా లాగితే చుట్టలు చుట్టలుగా వచ్చేస్తుంది. రంధ్రం ఒక పక్కకు పోయి ఉంటే 4 మి.మీ. దగ్గరే ఆగి, మందంగా మిగిలిన వైపును చిన్న ఉలితో గాని రోటరీ బర్రుతో గాని మధ్యకు కొంచెం కొంచెంగా తినిపించండి.

తరువాత 6 మి.మీ.కు 1 మి.మీ. పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం), 8 మి.మీ.కు 1.25 మి.మీ. పిచ్ ఉన్న ట్యాప్‌తో, అంటే మరలు కోసే పనిముట్టుతో, మరలు శుభ్రం చేయండి. మూడు ట్యాప్‌ల సెట్టులో కొస బాగా వాలుగా ఉన్నదానితో మొదలుపెట్టి, పాత మరల్లో అది తనంతట తాను కూర్చునేదాకా వేళ్ళతోనే తిప్పండి. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కు. ట్యాప్ గాడుల్లో గ్రీజు నింపితే రజను దానికి అంటుకుని బయటకు వస్తుంది.

మరలు నిలవకపోతే కంగారు పడనక్కర లేదు, హెలికాయిల్, అంటే పాత మరల స్థానంలో కూర్చునే తీగ చుట్ట, వేయవచ్చు. 6 మి.మీ. మరకు సుమారు 6.3 మి.మీ., 8 మి.మీ. మరకు సుమారు 8.3 మి.మీ. రంధ్రం చేసి, ఆ కిట్టుతో వచ్చే ప్రత్యేక ట్యాప్ వేసి, తీగ చుట్టను అంచుకు పావు నుంచి అరచుట్టు లోపలికి దిగేలా ఎక్కించి, అడుగునున్న చిన్న తోకను విరిచి, దానిని తప్పక బయటకు తీసేయాలి. స్టెయిన్‌లెస్ తీగ కనుక ఆ మర పాత అల్యూమినియం మర కంటే గట్టిగా ఉంటుంది.

ఈజీ అవుట్ గాని ట్యాప్ గాని లోపల విరిగిన సందర్భం మాత్రం ఇంటి పని కాదు. హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడల్లో అచ్చులు తయారుచేసే టూల్ రూముల వద్ద స్పార్క్ ఎరోజన్ మిషన్లు ఉంటాయి. అవి విద్యుత్ మెరుపులతో గట్టి ఉక్కును కూడా కొద్దికొద్దిగా తినేసి, హెడ్డు మరలు ముట్టుకోకుండా ముక్కను తీసేస్తాయి. హెడ్డును విప్పి, వాల్వులు తీసి తీసుకువెళ్ళాలి. పటిక కాచిన నీళ్ళలో ఉక్కు కరుగుతుంది, అల్యూమినియం మిగులుతుంది అన్న మాట నిజమే. కాని హెడ్డులో వాల్వు సీట్లు, గైడ్లు కూడా ఇనుప జాతి లోహాలే అయి ఉంటాయి కనుక, హెడ్డును అందులో ముంచడం నేను సమ్మతించను.

కొత్త స్టడ్డు

రంధ్రాన్ని కంప్రెసర్ గాలితో ఊది, అయస్కాంతంతో ఉక్కు రజనును, గుడ్డతో అల్యూమినియం రజనును తీసివేయండి. అయస్కాంతం అల్యూమినియాన్ని పట్టదు. ఆ తరువాతే ద్వారంలోని గుడ్డను, కొస పట్టుకుని, రజను లోపలికి జారకుండా బయటకు లాగండి.

రెండు స్టడ్డులనూ, నట్లనూ, ప్యాకింగ్‌నూ కొత్తవే వేయండి. స్టడ్డు మరలకు రాగి పొడి కలిసిన యాంటీ సీజ్ పేస్టును పలుచగా పూసి, రెండు నట్ల పద్ధతిలో అడుగు తగిలేదాకా మాత్రమే ఎక్కించండి. స్టడ్డును హెడ్డులోకి బలంగా బిగించవలసిన అవసరం లేదు, పట్టు ఇచ్చేది నట్టు. సైలెన్సర్‌ను వెనుక బోల్టుతో సహా వదులుగా తగిలించి, పైపు ప్యాకింగ్ మీద చక్కగా కూర్చున్నాక, ముందు నట్లు రెండింటినీ చెరి అరచుట్టు చొప్పున మార్చి మార్చి బిగించి, చివరగా వెనుక బోల్టు బిగించండి. వెనుకది ముందే బిగిస్తే పైపు బరువూ వంకరా అంతా ఈ సన్నని స్టడ్డుల మీదే పడుతుంది. అవి మళ్ళీ విరగడానికి ఇదొక కారణం. బిగువు ఎంత ఉండాలన్నదానికి మీ బండి సర్వీస్ మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. 6 మి.మీ. నట్లకు సాధారణంగా అది 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే పొట్టి పానాను మణికట్టు బలంతో తిప్పినంత. పేస్టు పూసిన మరలకు అంతకంటే కొంచెం తక్కువే చాలు.

ఇంజను స్టార్ట్ చేసి పది నిమిషాలు కాగనిచ్చి, పూర్తిగా చల్లారిన తరువాత నట్లను మరొకసారి చూడండి. కొత్త ప్యాకింగ్ నలిగి కూర్చోవడం వల్ల అవి కొద్దిగా వదులవుతాయి. మొదటి 100 కిలోమీటర్ల తరువాత ఇంకొకసారి చూసి, పైపు మొదట్లో మసి కనిపిస్తే, లేదా యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో ఠప్పుమని చప్పుడు వస్తుంటే, అక్కడ గాలి దూరుతున్నట్లు గుర్తించి, నట్లను మరింత బిగించే ముందు ప్యాకింగ్‌ను విప్పి చూడండి.